లోహశోధక యంత్రము: తప్పుడు మోతలను తగ్గించుకొను విధానము

పశువు మేతను నమలి మింగదు. మొదట గబగబ మింగి, తరువాత తీరికగా నెమరు వేయును. అందుచేత గడ్డిలో మేకుగాని, తీగముక్కగాని ఉన్నచో అదియు మేతతోపాటు లోపలికి పోవును. అట్లు పోయిన ఇనుపముక్క తేనెపట్టు వంటి అరలుగల రెండవ పొట్టలో నిలిచిపోవును. ఆ పొట్టకు ముందు పలుచని కండపొర, ఆ పొరకు ఆవల గుండె ఉన్నవి. పొట్ట కదలినప్పుడెల్ల తీగముక్క కొద్దికొద్దిగా ముందుకు పొడుచుకొని పోవును. అది గుండెసంచిని చేరిన పిదప ఆ పశువు బ్రతుకుట అరుదు.

ఈ తీగముక్కలు ఎక్కడనుండి వచ్చుచున్నవి? ఇల్లు కట్టినచోట మిగిలిన కట్టుతీగ, పీకివేసిన కంచె, రేకుల కప్పు విప్పినప్పుడు రాలిన మేకులు, చెడిన టైరును కాల్చినచోట మిగిలిన ఉక్కుతీగలు, ఇవన్నియు మట్టిలో కలిసి, గడ్డివామి వేయు చోటికి, కళ్ళములోనికి చేరును. ఇనుపముక్కల వలన ట్రాక్టరు టైర్లు పాడగును. చాఫ్ కట్టరు కత్తులు విరుగును. కూలివాని కాలిలో తుప్పుమేకు దిగినచో ధనుర్వాతము భయము కూడ కలదు.

నేలలోని ఇనుమును వెదకి తీయుటకు లోహశోధక యంత్రము, అనగా మెటల్ డిటెక్టరు, ఉపయోగపడును. అయితే మొదటిసారి దీనిని చేతపట్టిన రైతు తరచు విసుగుచెందును. అడుగడుగునకు యంత్రము మోగును. త్రవ్వి చూచిన ఏమియు ఉండదు. పది గుంటలు వృథాగా త్రవ్విన పిదప పదునొకటవ మోతను ఎవరు నమ్ముదురు? నిజమైన మేకు అక్కడనే ఉండిపోవును. కావున తప్పుడు మోతలను తగ్గించుకొనుటయే ఈ పనిలో ముఖ్యము. ఎక్కువగా మోగునట్లు త్రిప్పిన యంత్రము ఎక్కువ ఇనుమును చూపదు. ఇనుము లేనిచోట మౌనముగా ఉండు యంత్రమే ఇనుమును చూపును.

ఒక పాత ఉదాహరణ

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డుపై ఒకడు తుపాకి కాల్చెను. గుండు శరీరములో ఎక్కడ నిలిచినదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక లోహశోధక సాధనమును కూర్చి రోగి మంచమువద్దకు తెచ్చెను. సాధనము మంచిదే. కాని పరుపులోని ఉక్కు స్ప్రింగులు దానిని తప్పుదారి పట్టించెను. పైగా ముఖ్య వైద్యుడు శరీరము కుడివైపుననే వెదుకనిచ్చెను; గుండు ఎడమవైపున ఉండెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించెను. చుట్టుపక్కల నున్నదానిని సరిచూడనిచో ఎంత మంచి యంత్రమైనను అబద్ధమాడునని దీనివలన తెలియుచున్నది.

యంత్రము పనిచేయు తీరు

యంత్రము అడుగున పళ్ళెము వంటి భాగములో రాగితీగ చుట్టలు ఉండును. దీనిని కాయిలు అందురు. సాధారణ రకములో ఒక చుట్టలో సెకండుకు కొన్నివేల పర్యాయములు దిశ మారు విద్యుత్తు ప్రవహించును. దానివలన కాయిలు చుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రములోనికి లోహము వచ్చినచో లోహములో చిన్న సుడి ప్రవాహములు పుట్టును. వాని ప్రభావమును రెండవ చుట్ట గ్రహించి మోత రూపమున తెలుపును. అయితే రెండవ చుట్ట మేకును మాత్రమే గ్రహించునని అనుకొనరాదు. నేలలోని ఇనుపఖనిజము, తడిసిన ఉప్పు, దగ్గరనున్న విద్యుత్తు తీగలు కూడ దానిని కదలించును.

తప్పుడు మోతలకు కారణములు

1. విద్యుత్తు. విద్యుత్తు లైన్లు, ట్రాన్స్‌ఫార్మరు, మోటారు స్టార్టరు, సోలారు కంచె, జేబులోని సెల్‌ఫోను, దగ్గరలో పనిచేయు మరియొక లోహశోధకము, ఇవన్నియు చిటపటలు పుట్టించును. కాయిలును గాలిలో కదలకుండ పట్టుకొన్నను మోత ఆగనిచో దోషము నేలలో లేదు, విద్యుత్తుదే అని గుర్తించవలెను.

2. నేల. నల్లని బసాల్టు రాతినుండి ఏర్పడిన నేలలలోను, కొన్ని ఎర్రనేలలలోను, భీమునిపట్నము వంటి తీరములలోని నల్లయిసుకలోను అయస్కాంత గుణముగల ఇనుపఖనిజములు ఉండును. మరియొక సంగతి చాలమందికి తెలియదు. మట్టి కాలినచో దానిలోని ఇనుపఖనిజము మార్పుచెంది అయస్కాంత గుణము పెరుగును. అందుచేత ఇటుకబట్టీ, కుమ్మరి ఆవము, పాత పొయ్యి ఉన్నచోట లోహము లేకున్నను యంత్రము మోగవచ్చును. సముద్రతీరపు చౌడునేల తడిగా నున్నప్పుడు అందులోని ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపనిచ్చును. అదియు పలుచని లోహపు రేకువలె మోతనిచ్చును.

3. యంత్రమే. కాయిలు తీగ వదులై ఊగుట, కాయిలు క్రింది మూతలో మట్టి చేరుట, కాయిలును గడ్డి మోళ్ళకు, పెళ్ళలకు తగిలించుట తప్పుడు మోతలకు కారణములు. కాయిలును కఱ్ఱకు బిగించు బోల్టు ప్లాస్టిక్‌ది. అది విరిగినప్పుడు ఇనుప బోల్టు వేయరాదు. మేకులుగల జోళ్ళు తొడుగుకొని, కడియము, ఉంగరముతో, మరియొక చేత పలుగు పట్టుకొని వెదకినను ఫలితము ఉండదు.

ఏ పనికి ఏ కాయిలు?

కాయిలు పెద్దదైనకొలది లోతు ఎక్కువని అమ్మువారు చెప్పుదురు. నాగటి కర్రు, రోటవేటరు బ్లేడు వంటి పెద్ద వస్తువుల విషయములో ఇది నిజమే. కాని పెద్ద కాయిలు ఒకేసారి ఎక్కువ మట్టిని చూచును. ఆ మట్టిలోని ఖనిజమును కూడ చూచును. విద్యుత్తు చిటపటలను కూడ ఎక్కువగా పట్టును. చిన్న మేకుకు, తీగముక్కకు అది మందముగా పలుకును.

చిన్న కాయిలు, అనగా 13 నుండి 15 సెంటీమీటర్ల వెడల్పు గలది, లోతు తక్కువగా చూచును. కాని పైపైన ఉన్న చిన్న ముక్కలను విడివిడిగా తెలుపును. పశువుల కొట్టము, గడ్డివామి చోటు, ఇల్లు కట్టిన దొడ్డి వంటి చోట్ల మనము వెదకునది పైనున్న మేకులను, తీగలనే గదా! అక్కడ చిన్న కాయిలే మేలు. 23 నుండి 28 సెంటీమీటర్ల కాయిలు పొలమున సాధారణముగా వాడదగినది. 33 సెంటీమీటర్లు మించినదానిని లోతున పూడిన గొట్టములకు, పెద్ద పనిముట్లకు మాత్రమే వాడవలెను.

పరిమాణమువలె కాయిలు అమరికయు ముఖ్యమే. ఒక వలయములో మరియొక వలయము ఉన్న కాయిలు క్షేత్రము గరాటువలె క్రిందికి సన్నబడును. వస్తువు సరిగా ఎక్కడున్నదో చూపుటలో ఇది మంచిది. కాని ఖనిజముగల నేలలో మోత ఎక్కువ చేయును. రెండవది డి.డి. రకము. ఇందులో ఇంగ్లీషు డి అక్షరము ఆకారముగల రెండు చుట్టలు నడుమ కొంత ఒకదానిపై నొకటి ఎక్కియుండును. దీని క్షేత్రము ముందునుండి వెనుకకు నాగటి చాలువలె సన్నగా ఉండును. తక్కువ మట్టిని చూచును గనుక ఎర్రనేలలలోను, ఖనిజము అధికముగానున్న ఇతర నేలలలోను ఇది నెమ్మదిగా పనిచేయును. ఖనిజముగాని, తడి ఉప్పుగాని మరీ ఎక్కువైనచోట ఆగి ఆగి విద్యుత్తును పంపు పల్స్ రకపు యంత్రము మేలు. అయితే అది ఇనుమును, ఇతర లోహమును వేరుచేసి చెప్పుటలో బలహీనము. మన పనికి అది పెద్ద లోపము కాదు.

వెదకు పద్ధతి

మోటారు ఆపవలెను, వీలైనచో విద్యుత్తు సరఫరా లేని వేళ చూచుకొనవలెను. సెల్‌ఫోనును గట్టున ఉంచవలెను. కాయిలు తీగను కఱ్ఱకు బిగుతుగా చుట్టవలెను. లోహము లేని చోటు చూచి నేలకు తగినట్లు యంత్రమును సర్దవలెను. కాయిలును ఒక అడుగు ఎత్తుకు లేపి, మరల నేల దగ్గరకు దించుచు, లేపినను దించినను శబ్దము ఒకే తీరుగా ఉండువరకు గ్రౌండ్ బాలెన్సు మరను సర్దవలెను. నేల రంగుగాని తేమగాని మారినప్పుడెల్ల ఈ సర్దుబాటు మరల చేయవలెను.

తరువాత సెన్సిటివిటీ మరను చిటపటలు ఆగువరకు తగ్గించవలెను. తగ్గించినచో లోతు పోవునని భయపడనక్కరలేదు. చిటపటల మధ్య వినబడని మేకు, మౌనములో స్పష్టముగా వినబడును. అప్పటికిని మోత ఆగనిచో యంత్రములో పౌనఃపున్యమును మార్చు మర ఉన్నయెడల దానిని మార్చి చూడవలెను. లేదా చిన్న కాయిలు వేయవలెను. విద్యుత్తు లైను క్రింద నడచు దిశను మార్చినను కొంత ఉపశమనము కలుగును.

ఒక హెచ్చరిక. చాల యంత్రములలో ఇనుమునకు మోగకుండ చేయు మర ఉండును. నాణెములు వెదకువారు దానిని వాడుదురు. మనకు కావలసినది ఇనుమే. ఆ మరను వేసినచో యంత్రము ప్రశాంతముగా ఉండును. మేకులును భద్రముగా నేలలోనే ఉండును. కావున దానిని తప్పక తీసివేయవలెను.

నేలను ఒక మీటరు వెడల్పు పట్టెలుగా త్రాడుతో గుర్తించి, కాయిలును నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున సమముగా, నెమ్మదిగా త్రిప్పవలెను. ప్రతి విసురు ముందటి విసురులో సగము కప్పవలెను. అట్లు ఒకసారి ముగించి, అడ్డముగా మరియొకసారి చూడవలెను.

మోత నిజమా, కాదా?

మోగినచోట వెంటనే త్రవ్వరాదు. ఒక ప్రక్కనుండి మోగినది ఎదుటి ప్రక్కనుండియు మోగునా? అడ్డముగా నిలిచి చూచినను అదే చోట మోగునా? మోగినచో అక్కడ వస్తువు ఉండుట దాదాపు ఖాయము. ఒకసారి మోగి మరల మోగనిది చాలవరకు చిటపటే. కాయిలును కొద్దిగా పైకెత్తినంతనే మాయమగు మోత సామాన్యముగా మట్టిదో, ఖనిజపు రాతిదో అయియుండును. సన్నని తీగ మాత్రము ఒక దిశలో బలముగా, మరియొక దిశలో బలహీనముగా పలుకవచ్చును. కావున పశువులు మేయుచోట అనుమానపు మోతను కూడ గీకి చూడవలెను. త్రవ్విన పిదప గుంటను, తీసిన మట్టిని వేరువేరుగా చూచినచో ముక్క ఎందులో నున్నదో తెలియును. గుంటను పూడ్చి, తీసిన ఇనుమును డబ్బాలో వేయవలెను, గట్టున పారవేయరాదు.

అభ్యాసమునకు దొడ్డిలో ఒక మేకు, ఒక తీగముక్క, ఒక బోల్టు తెలిసిన లోతులలో పూడ్చి, ఉన్న కాయిళ్ళన్నింటితో విని చూడుడు. ఒక గంట వినినచో ఏది మట్టి మోతయో, ఏది మేకు మోతయో చెవికి తెలియును. పని ముగిసిన పిదప వానిని మరువక తీసివేయవలెను.

పశువుపై వాడవచ్చునా?

పశువైద్యులు చిన్న లోహశోధకములతో పశువు పొట్టను పరీక్షించుట కలదు. అయితే ఆరోగ్యముగా తిరుగు పశువుల పొట్టలో కూడ ఇనుపముక్కలు ఉండుట మామూలే. మోత వలన ముక్క ఉన్నదని తెలియునేగాని, అది గుచ్చుకొన్నదని తెలియదు. పశువు మేత మాని, వీపు వంచి, మూలుగుచు, ముందుకాళ్ళ మోచేతులను ప్రక్కకు పెట్టి నిలుచున్నచో యంత్రముతో కాలక్షేపము చేయక వెంటనే పశువైద్యునికి చూపవలెను.

గ్రామాధికారులకు

ఈ యంత్రమును చూచినవెంటనే కొందరికి నిధులు గుర్తుకు వచ్చును. 1878 నాటి భారత నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, నేలలో దాగిన పది రూపాయల విలువ మించిన నిక్షేపము దొరికినవారు కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. దాచుకొనుట నేరము. రక్షిత పురావస్తు స్థలములలో అనుమతి లేక త్రవ్వుట కూడ నేరమే. ఇనుము వెదకుచుండగా పాత నాణెములు, విగ్రహములు బయటపడినచో త్రవ్వకము ఆపి, ఏ ప్రాంతమువారైనను రెవెన్యూ అధికారులకు తెలియజేయవలెను. గుడి గోడల ప్రక్కన, పాడుదిబ్బలలో యంత్రము త్రిప్పువారిని గ్రామాధికారులు గమనించుచుండవలెను.

ఒక గ్రామమునకు ఒక యంత్రము, ఒక చిన్న కాయిలు, ఒక మధ్యరకపు కాయిలు ఉన్నచో వంతులవారీగా అందరికి సరిపోవును. వరికోతలు ముగిసి గడ్డి వామి వేయుటకు ముందు, ఇల్లు కట్టిన లేక కంచె పీకిన వెంటనే, ఒకపూట ఈ పనికి కేటాయించుడు. దొరికిన ప్రతి తీగముక్కయు మీ పశువు నోటికి పోవలసినదని తలచినచో ఆ పూట శ్రమ వృథా కాలేదని మీకే తెలియును.