లక్కిరెడ్డిపల్లె కడ కూలిన సుబేదారు

రాజహత్య యనగానే చదువుకొన్నవారికి రోము నగరపు జూలియసు సీజరు జ్ఞప్తికి వచ్చును. క్రీస్తుకు పూర్వము 44వ సంవత్సరము మార్చి 15వ తేదీన, నిండుసభలో, తాను నమ్మినవారే ఆతనిని కత్తులతో పొడిచిరి. మన దేశమునను మౌర్యులలో కడపటివాడగు బృహద్రథుని, సేనలను జూపించు నెపమున, సేనాని పుష్యమిత్రుడు సంహరించి తానే రాజయ్యెను. పెద్దలారా, అవి దూరపు కథలు. అట్టి కథయొకటి మన రాయచోటి సీమలోనే ముగిసినదని ఎందరెరుగుదురు? ఇచ్చటికి చేరువనున్న లక్కిరెడ్డిపల్లె కడ 1751 ఫిబ్రవరి 13వ తేదీన దక్కను సుబేదారు ముజఫరుజంగు ప్రాణములు విడిచెను. ఆ వృత్తాంతమునే నేడు మీకు విన్నవింతును.

మొదటి నిజాముల్‌ముల్కు 1748లో గతించెను. రెండవ కుమారుడు నాసరుజంగు ఖజానాను, దండును చేజిక్కించుకొనెను. కూతురి కొడుకగు ముజఫరుజంగు సుబా తనదే యనెను. మేనమామకును మేనల్లునికిని పొలముగట్టు తగవు వచ్చినచో మన పల్లెలలో నలుగురు పెద్దలు కూర్చుండి తీర్చెదరు. ఈ తగవులో తల దూర్చినవాడు మాత్రము పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే. ఆతడు మేనల్లుని పక్షము వహించెను. 1749 ఆగస్టులో ఆంబూరు కడ వీరి పక్షము గెలిచి, ఆర్కాటు నవాబు అన్వరుద్దీను హతుడయ్యెను. మరుసటి యేడు నాసరుజంగు మహాసైన్యముతో దక్షిణమునకు దిగిరాగా మేనల్లుడు లొంగిపోయి చెరసాల పాలయ్యెను. తగవు ముగిసినదనియే యెల్లరును తలచిరి.

ఇక్కడనే మన సీమవారు ప్రవేశించిరి. నాసరుజంగు దండులో కడప, కర్నూలు, సావనూరు నవాబులు మువ్వురు పఠానులుండిరి. వీరు ఏటేట సుబేదారునకు పేష్కషు చెల్లింపవలసినవారు. ఆ బాకీలు పేరుకొనియుండెను. బలవంతుడైన దొర యున్నంతకాలము బాకీ మాసిపోదు. దొర మారినచో మాసిపోవచ్చును. హత్యకు మూలము పగ యని కథకులు చెప్పుదురు గాని, నా దృష్టికి ఇందు మూలము లెక్కల చిట్టాయే. డూప్లే వీరితో నెలల తరబడి రహస్యముగా ఉత్తరములు నడిపెను. 1750 డిసెంబరు 16వ తేదీన చెంజి ప్రాంతమున ఫ్రెంచివారు దండుమీద పడిరి. నాసరుజంగు ఏనుగునెక్కి, కదలక నిలిచియున్న నవాబుల కడకు పోగా, తుపాకిగుండు దిగి కూలెను. ఆతని తలను ఖండించి ఈటెకు గ్రుచ్చిరి. ఉదయమున సంకెళ్లలో నున్న మేనల్లుడు ఆనాడే సుబేదారయ్యెను.

సీజరును చంపినవారు తమకు ధనము వలదనియు, ప్రజాప్రభుత్వము నిలిచిన చాలుననియు చాటిరి. పుష్యమిత్రుడు సింహాసనమునే గైకొనెను. మన నవాబులు ఈ రెండు త్రోవలును త్రొక్కలేదు. చేసిన పనికి కూలి యడిగిరి. మూడేండ్ల పేష్కషు బాకీ మాఫీ కావలెను, ముందును పేష్కషు వలదు, చనిపోయినవాని ఖజానాలో సగము పంచవలెను. చెరలో నున్ననాడు మాటలిచ్చుట సులభము. గద్దెనెక్కిన పిమ్మట అన్నియు నిచ్చినచో సుబేదారునకు మిగులునదేమి? డూప్లే మధ్యవర్తియై కొంత తగ్గించి ఒప్పించెను. వారు పైకి ఒప్పుకొనిరి.

1751 జనవరిలో దండు పుదుచ్చేరినుండి హైదరాబాదునకు బయలుదేరెను. వెంట సుమారు 300 ఫ్రెంచి సిపాయిలును, 2000 నల్ల సిపాయిలును, వారి నాయకుడు బుస్సీయు నుండిరి. బొబ్బిలి యుద్ధకథ విన్నవారికి ఈ బుస్సీ కొత్తవాడు కాడు. దండు కడప సీమలో ప్రవేశించినప్పుడు సుబేదారు రౌతులు పల్లెలకు నిప్పు పెట్టిరి. దండు నడచినచో పైరును గడ్డివామియు దక్కవని మెట్టసీమ రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. తన పల్లెలు కాలుచుండుట జూచి కడప నవాబు దండు వెనుకభాగముపై దాడి చేసెను. నవాబులు కనుమ నడ్డగించి ఫిరంగులు నిలిపిరి. బుస్సీ ఫిరంగులు వారిని చెదరగొట్టెను. అంతటితో నిలిచియుండిన ముజఫరుజంగు బ్రతికియుండును. బుస్సీ దండు వచ్చువరకు ఆగక, ఆగ్రహముతో కర్నూలు నవాబు హిమ్మతుఖానుని తరుముకొనిపోయెను. అచ్చట తలకు తగిలిన పోటుతో నేలకూలెను. సుబేదారు మనుష్యులు హిమ్మతుఖానునిగూడ నరికివైచిరి.

మొదటిది హత్య, రెండవది యుద్ధమరణము గదా యని కొందరనవచ్చును. నిజమే, కాని రెండింటికిని చిట్టా యొక్కటే. మేనమామ కూలిన 59 దినములకు మేనల్లుడు కూలెను.

అప్పుడు దండులో దొర లేడు. జీతములకై సిపాయిలు అలజడి చేయకమునుపే, నిర్బంధములో నున్న నాసరుజంగు తమ్ముడు సలాబతుజంగును బుస్సీ గద్దెనెక్కించెను. దక్కనుకు దొర యెవ్వరో తేల్చినది ఢిల్లీ ఫర్మానా కాదు, మన రాళ్లగుట్టల నడుమ నిలిచిన పరదేశపు సేనానాయకుడు. అందులకు ప్రతిఫలముగా 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కెను. సలాబతుజంగును 1762లో తమ్ముడు నిజామలీయే పదవినుండి తొలగించి చెరబట్టెను. ఆ నిజామలీయే 1800లో, ఇంగ్లీషు సైన్యపు ఖర్చునకు బదులుగా, కడప బళ్లారి సీమలను కుంఫిణీకి వ్రాసియిచ్చెను. మన రాయచోటియు ఆ దత్తమండలములతోపాటే చేతులు మారినది.