ఫర్మా: ఒకసారి కొలిచి వందసార్లు కోయడం

ప్రోగ్రామింగ్ క్లాసులో మనకి మొదట్లోనే చెప్పే మాట ఒకటుంది. ఒకే పని రెండోసారి చేయాల్సి వస్తే దానికో ఫంక్షన్ రాసుకో అని. నరసరావుపేటలో మా మావయ్య వడ్రంగి కొట్టులో ఈ మాట ఎవరూ అనరు గానీ, గోడకి మేకులు కొట్టి తగిలించిన చెక్క ముక్కలన్నీ అవే. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ‘కిటికీ’, ‘సొరుగు’, ‘కుర్చీ కాలు’ అని రాసి ఉంటుంది. తెలియనివాళ్లకి అవి పొయ్యిలోకి పనికొచ్చే తుక్కులా కనిపిస్తాయి. మిషన్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ ముక్కలు పోతే మాత్రం మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి. కొట్టులో వాటిని అచ్చు అనో ఫర్మా అనో అంటారు. మన మెకానికల్ బ్రాంచ్ వాళ్ల పుస్తకాల్లో జిగ్ అంటారు.

జిగ్ అంటే ఏంటి? చెక్కనో, మిషన్‌నో ఒకే దారిలో కదిలేలా పట్టి ఉంచే సాధనం. కొలత, కోణం అందులోనే ఉంటాయి కాబట్టి పనిచేసేవాళ్లు ప్రతిసారీ కొలవక్కర్లేదు. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఎడ్లబండి చక్రం తీసుకోండి. మామూలుగా 12 ఆకులు, వాటి చుట్టూ గుండ్రంగా 6 పూటీలు ఉంటాయి. పూటీ అంటే చక్రం అంచుకి వేసే వంపు చెక్క. ఆరు పూటీలకి కలిపి 12 కొసలు. ఒక్కో కొస అర డిగ్రీ అటే తప్పిందనుకోండి, 12 కలిస్తే 6 డిగ్రీలు. అప్పుడు చివరి రెండు పూటీల మధ్య సందు మిగిలిపోతుంది, లేదా చివరి పూటీ అసలు పట్టదు. అందుకే మా తాతయ్య రోజుల్లో పూటీలు గీయడానికి ఒకే అచ్చు చెక్క వాడేవాళ్లంట. చిన్న తప్పు చుట్టూ తిరిగి వచ్చేసరికి పెద్దదవుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

అసలు ప్రమాదం ఎక్కడ

మన ఊళ్లలో చిన్న కొట్లలో ఫ్యాక్టరీలో తయారైన పెద్ద టేబుల్ రంపాలు తక్కువ. చేత్తో పట్టుకునే 7 అంగుళాల సర్క్యులర్ రంపాన్ని ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి, బ్లేడు పైకి వచ్చేలా చేసుకుంటారు. కొంతమంది మార్బుల్ కోసే 4 అంగుళాల మిషన్‌కే చెక్క బ్లేడు వేసేస్తారు. ఇట్టా బిగించేటప్పుడు చాలాసార్లు బ్లేడు మీది కవచం తీసేస్తారు. పని సులువవుతుంది, రక్షణ పోతుంది.

కొంచెం లెక్క వేద్దాం. 7 అంగుళాల బ్లేడు అంటే సుమారు 184 ఎంఎం. నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి 48 మీటర్లు, అంటే గంటకి 170 కిలోమీటర్ల పైనే. బ్లేడుకి 40 పళ్లున్నాయనుకుంటే సెకనుకి 3300 పళ్లు ఒకే చోటు దాటిపోతాయి. చెయ్యి తగిలిందని తెలిసి వెనక్కి లాక్కోవడానికి మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఈ లోపు 660 పళ్లు వెళ్లిపోతాయి. 4 అంగుళాల మార్బుల్ మిషన్ అయితే ఇంకా ఘోరం. చాలావాటి మీద 12000 చుట్లు అని రాసి ఉంటుంది, అంటే అంచు వేగం గంటకి 250 కిలోమీటర్ల దగ్గర. ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ అనే మాట ఈ వేగాల దగ్గర పనిచేయదు. మా మావయ్య ఎడమచేతి చూపుడువేలికి చివర లేదు. ఆయన పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి, అజాగ్రత్త మనిషి కాదు.

రెండో ప్రమాదం చెక్క వెనక్కి తన్నడం. బల్ల మీద బ్లేడు ముందు పళ్లు కిందికి దిగుతూ కోస్తాయి, వెనక పళ్లు పైకి లేస్తూ మన వైపు వస్తాయి. చెక్క కొంచెం మెలి తిరిగి వెనక పళ్లకి తగిలితే, అవి దాన్ని ఎత్తి మన పొట్ట మీదకే విసురుతాయి. కాబట్టి జిగ్ చేయాల్సిన పనులు రెండు. ఒకటి, చెక్కని మెలి తిరగనివ్వకపోవడం. రెండు, చేతిని బ్లేడుకి దూరంగా ఉంచడం.

అరగంటలో అయ్యే రెండు

మొదటిది తోపుడు కర్ర. 12 ఎంఎం ప్లైవుడ్‌ని చెప్పు ఆకారంలో కోసి, కింద మడమ దగ్గర చిన్న గాటు పెడతాం. ఆ గాటు చెక్క వెనక అంచుని పట్టుకుంటుంది, అడుగు భాగం చెక్కని పైనుంచి అదిమి పెడుతుంది. సన్న ముక్కలు కోసేటప్పుడు బ్లేడు దగ్గరికి వెళ్లేది ఈ కర్రే, చెయ్యి కాదు. కర్ర తెగితే ఇంకోటి కోసుకోవచ్చు.

రెండోది దువ్వెన చెక్క. ఒక చెక్క కొసని 30 డిగ్రీల ఏటవాలుగా కోసి, ఆ కొసలో 6 ఎంఎంకి ఒకటి చొప్పున 50, 60 ఎంఎం లోతు గాట్లు పెడతాం. దువ్వెన పళ్లలాగా వస్తాయి. దాన్ని బల్లకి బిగిస్తే ఆ పళ్లు చెక్కని ఆనుడు చెక్క వైపు నెడుతూ ఉంటాయి. ఆనుడు చెక్క అంటే కోసే ముక్కని ఆనించి నడిపే నిటారు పలక, ఇంగ్లీషులో ఫెన్స్. దువ్వెన పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి చెక్క ముందుకి పోతుంది, వెనక్కి రాబోతే పళ్లు అడ్డుకుంటాయి. ఒక్కటి మర్చిపోకూడదు: దీన్ని బ్లేడుకి ముందే, అంటే మనవైపే బిగించాలి. బ్లేడు పక్కన పెడితే కోసిన సందుని మూసేసి బ్లేడుని పట్టేస్తుంది, మనం వద్దనుకున్న ప్రమాదాన్ని మనమే తెచ్చుకున్నట్టు.

స్లెడ్: కొట్టుకి గుండెకాయ

చెక్కని అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీలకి కోయడానికి చేసుకునేది స్లెడ్. బల్ల మీద జారే ఒక పళ్లెం అనుకోండి. చెక్క పళ్లెం మీద కదలకుండా ఉంటుంది, పళ్లెం మొత్తం బ్లేడు మీదుగా జారుతుంది.

అడుక్కి 12 ఎంఎం ప్లైవుడ్, సుమారు 750 ఎంఎం వెడల్పు, 600 లోతు. కప్‌బోర్డు పనుల్లో మిగిలిన ముక్క చాలు. కంపెనీ బల్లలకి పట్టీ జారే గాడి ఉంటుంది. మన ఇంటి బల్లలకి ఉండదు. అప్పుడు బల్ల రెండు పక్క అంచులూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ అంచుల్ని పట్టుకుని జారేలా స్లెడ్ కింద రెండు టేకు పట్టీలు బిగిస్తే సరిపోతుంది. అటు చివర ఒక నిలువు చెక్క పెట్టాలి. పళ్లెం మధ్యలో గాటు పడ్డాక రెండు భాగాల్నీ కలిపి ఉంచడమే దాని పని. ఇటు, మనవైపు పెట్టే నిలువు చెక్కే అసలు ఆనుడు చెక్క. కోణం తేల్చేది ఇదే. దాని వెనక, బ్లేడు బయటికి వచ్చే చోట, ఒక మందపాటి దిమ్మ అంటించాలి. లేకపోతే కోత చివర్లో బ్లేడు సరిగ్గా మన బొటనవేళ్లు ఉండే చోట బయటికొస్తుంది. బ్లేడు దారిలో స్క్రూలు ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక 90 డిగ్రీలు. తాపీ మేస్త్రీలు ఇంటి పునాదికి వాడే 3-4-5 పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. గాటు వెంట 300 ఎంఎం, ఆనుడు చెక్క వెంట 400 కొలిచి, రెండు గుర్తుల మధ్య 500 ఉంటే మూల మట్టంగా ఉన్నట్టు. కానీ టేపు చదవడంలో 1 ఎంఎం తేడా వచ్చినా కోణం దాదాపు పావు డిగ్రీ పోతుంది. 600 ఎంఎం వెడల్పు అల్మరా పలకలో అది 2.5 ఎంఎం అవుతుంది. తలుపు మూసినప్పుడు ఆ సందు కంటికి కనిపిస్తుంది. పునాదికి చాలిన పద్ధతి అల్మరాకి చాలదన్నమాట.

అయిదు కోతల పరీక్ష

నాకు బాగా నచ్చిన భాగం ఇది. ఆనుడు చెక్కని ఒక కొస దగ్గర ఒకే స్క్రూతో బిగించి, రెండో కొసని క్లాంపుతో పట్టి ఉంచాలి. దాదాపు చదరంగా ఉన్న ప్లై ముక్క తీసుకుని నాలుగు అంచులకీ 1, 2, 3, 4 నెంబర్లు వేయాలి. మొదట 1వ అంచుని సన్నగా కోయాలి. తర్వాత ముక్కని తిప్పి, ఇప్పుడే కోసిన అంచుని ఆనుడు చెక్కకి ఆనించి 2వ అంచు కోయాలి. అట్టాగే 3, 4. అయిదోసారి మళ్లీ 1వ అంచునే కోసి, ఈసారి ఒక 12 ఎంఎం పట్టీ వచ్చేలా చేసి దాన్ని దాచుకోవాలి.

స్లెడ్ కోణం e అంత తప్పిందనుకుందాం. మూడు మూలలు 90+e చొప్పున వస్తాయి. చతుర్భుజం కోణాల మొత్తం 360 కాబట్టి నాలుగో మూల 90-3e అవ్వాలి. అయిదో కోత అక్కడ మళ్లీ 90+e తో కోస్తుంది. అంటే పాత అంచుకి, కొత్త అంచుకి మధ్య తేడా 4e. బండి చక్రంలో చుట్టూ తిరిగి పెద్దదైన తప్పు లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ మనమే కావాలని దాన్ని నాలుగింతలు చేసి, కొలవడానికి వీలుగా బయటికి తెచ్చాం.

ఆ పట్టీ రెండు కొసల మందం కాలిపర్‌తో కొలవాలి. ఒక పక్క 12.4, ఇంకో పక్క 11.6 వచ్చిందనుకుందాం. తేడా 0.8. నాలుగుతో భాగిస్తే 0.2. పట్టీ పొడవు 400 ఎంఎం అయితే, అసలు తప్పు 400కి 0.2 అన్నమాట. ఆనుడు చెక్క స్క్రూ నుంచి క్లాంపు దాకా 600 ఎంఎం ఉంటే, ఆ కొస కదలాల్సింది 0.3 ఎంఎం.

0.3 ఎంఎం ఎట్టా కదుపుతాం? మన జిరాక్స్ పేపర్ మందం సుమారు 0.1 ఎంఎం. ఆనుడు చెక్క కొసకీ, పక్కన పెట్టిన ఒక చిన్న దిమ్మకీ మధ్య మూడు కాగితాలు పెట్టి దిమ్మని బిగించాలి. కాగితాలు తీసేసి ఆనుడు చెక్కని దిమ్మకి తాకించాలి. అంతే, 0.3 కదిలింది. మళ్లీ అయిదు కోతలు కోసి చూడాలి. తేడా తగ్గకుండా పెరిగితే కదిపిన దిక్కు తప్పు, దిమ్మని రెండో పక్క పెట్టాలి. సరిపోయాక మిగతా స్క్రూలు బిగించేయొచ్చు. ఇక ఆ స్లెడ్ మీద ఎవరు కోసినా, మొన్న పనిలో చేరిన కుర్రాడు కోసినా, 90 అంటే 90.

ఒకే పొడవు ముక్కలు

సొరుగు పక్కలు 24 కావాలంటే 24 సార్లు టేపు పట్టక్కర్లేదు. ఆనుడు చెక్క మీద కావాల్సిన దూరంలో ఒక అడ్డు చెక్క బిగిస్తే చాలు. చిన్న కిటుకు ఉంది: అడ్డు చెక్క కింద మూల కొంచెం చెక్కేయాలి. లేదంటే అక్కడ రంపపు పొట్టు చేరి ఒక్కో ముక్క అర ఎంఎం పొట్టిగా వస్తుంది, ఎందుకో అర్థం కాదు. ఇంకోటి, ముక్కకి ఒకే పక్క అడ్డు ఉండాలి. రెండో పక్క తెగిపడే ముక్క స్వేచ్ఛగా ఉండాలి. రెండు పక్కలా అడ్డు పెడితే అది బ్లేడుకీ అడ్డుకీ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది.

మన ఎండ, మన వాన

రెంటచింతల ఎండ సంగతి పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు. మే నెలలో కర్ర ఎండి కుదించుకుపోతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఆ మార్పు ఎక్కువగా అడ్డంగానే, పొడవునా దాదాపు ఉండదు. అందుకే మేలో గాడికి బిగుతుగా చేసిన టేకు పట్టీ ఆగస్టులో కదలదు. ఒక్క వెంట్రుక వదులుగా చేసి, కొవ్వొత్తి మైనం రుద్దితే రెండు కాలాల్లోనూ జారుతుంది. స్లెడ్ అడుక్కి ప్లైవుడ్ వాడమనేది కూడా ఇందుకే. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి ఏ పొర ఉబ్బబోయినా పక్క పొర లాగి పట్టుకుంటుంది.

ప్రాజెక్టు పని మీద వడ్రంగి కొట్టుకి వెళ్లేవాళ్లకి రెండు మాటలు. బ్లేడు దగ్గర చేతికి గ్లౌజులు, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు, తిరిగే బ్లేడు వాటిని పట్టుకుని చేతిని కూడా లాక్కుంటుంది. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. జిగ్ సర్దేటప్పుడు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. మొదటిసారి మేస్త్రి పక్కన ఉండగానే కోయండి.

ఇవన్నీ చేసుకోవడానికి కొత్త మిషన్ అక్కర్లేదు, ఒక ఆదివారం, కొన్ని మిగులు ముక్కలు చాలు. మొదట తోపుడు కర్ర చేయండి. అందరూ వెంటనే స్లెడ్ చేయాలనుకుంటారు గానీ, స్లెడ్ కోసం ముక్కలు కోయాలన్నా ఆ కర్ర చేతిలో ఉండాలి. మా మావయ్య స్లెడ్ వెనక దిమ్మకి ఎర్ర రంగు వేశాడు. అక్కడ చెయ్యి పెట్టకూడదని కొత్త కుర్రాళ్లకి ఇప్పుడు రోజూ చెప్పాల్సిన పని లేదు.