ప్రభుత్వం చేతిలో ఫోన్ ఉంది, చెవి ఉందా?

సుమ్మాదేవి చుట్టుపక్కల ఊళ్లలో జీడితోటల్లో కూలికి వెళ్లే మనిషికి ఆదాయ ధ్రువపత్రం కావాలంటే, ఒక రోజు పని మానుకోవాల్సిందే. ఆటో ఛార్జీ దానికి అదనం. అధికారి ఆ రోజు లేకపోతే మరో రోజు కూలీ పోతుంది. ఇప్పుడు ఆ పని చేతిలోని ఫోన్‌లోనే అవుతుందని ప్రభుత్వం చెబుతోంది. ఈ మార్పు ఏమిటో, మన సంఘాల్లోని పేదలకూ వృద్ధులకూ ఎంతవరకు మేలు చేస్తుందో ఈ వారం ఆలోచిద్దాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో మెటా సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలనను మంత్రి నారా లోకేశ్ ప్రారంభించారు. మొదటి విడతలో 161 సేవలు పెట్టారు. 95523 00009 నంబరుకు ‘హాయ్’ అని పంపితే సేవల జాబితా వస్తుంది. రెవెన్యూ పత్రాలు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్టు, పురపాలక సేవలు అందులో ఉన్నాయి. ఆ ఏడాది ఇంటర్, పదో తరగతి విద్యార్థులు హాల్‌టికెట్లను కూడా ఈ దారిలో తీసుకున్నారు. ఫిర్యాదు చేసుకునే వీలు కూడా ఉంది.

ఇది మంచి పనే. అయితే సేవ అందించడం వేరు, మాట వినడం వేరు. ప్రభుత్వాలు ఇంటర్నెట్‌లో ప్రజలతో ఎలా మెలగుతున్నాయో చూడటానికి ఐక్యరాజ్యసమితి మూడు మెట్లు చెబుతుంది. మొదటిది సమాచారం ఇవ్వడం. రెండోది అభిప్రాయం అడగడం. మూడోది నిర్ణయంలో ప్రజలను కలుపుకోవడం. చాలా ప్రభుత్వ ఖాతాలు మొదటి మెట్టు మీదే నిలిచిపోతాయి. శంకుస్థాపన ఫొటోలు, శుభాకాంక్షలు, పథకాల ప్రకటనలు వస్తూనే ఉంటాయి. కింద జనం రాసిన మాటలకు జవాబు ఉండదు.

రెండో మెట్టుకు మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఇంటర్నెట్‌లో కొన్ని సైట్లకు ఒక ధర, మిగతావాటికి మరో ధర పెట్టవచ్చా అన్న చర్చ 2015లో వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి ధరల తేడా కుదరదని ఆదేశమిచ్చింది. అయితే అదే సందర్భంలో, రాసినవారి ఈమెయిల్ చిరునామాలన్నీ బయటికి కనబడేలా వెబ్‌సైట్‌లో పెట్టి విమర్శ కూడా మూటగట్టుకుంది. అడగడంతో బాధ్యత తీరదు. చెప్పినవారి వివరాలను కాపాడటం కూడా ప్రభుత్వం పనే.

మూడో మెట్టు ఇంకా కష్టం. ఐస్‌లాండ్ దేశం 2011లో కొత్త రాజ్యాంగం ముసాయిదా రాస్తూ, ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టి ఫేస్‌బుక్ ద్వారా సైతం సలహాలు తీసుకుంది. 2012లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో మూడింట రెండొంతుల మంది దాన్ని సమర్థించారు. అయినా పార్లమెంటు ఆమోదించలేదు. పరికరం ఎంత గొప్పదైనా, వినాలన్న మనసు పాలకుల్లో లేకపోతే ఫలితం ఇంతే.

మన తీరం కూడా ఈ పరికరాల బలాన్నీ బలహీనతనూ చూసింది. 2020 లాక్‌డౌన్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకుపోయారు. తిండికి, నీటికి పడుతున్న అవస్థను ఫోన్‌లో వీడియోలు తీసి పంపారు. ఆ గోడు ప్రభుత్వాల దాకా వెళ్లింది, బస్సులు కదిలాయి, వాళ్లు ఇళ్లకు చేరారు. అంతకు ముందు 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు కథ వేరు. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. సెల్ సిగ్నల్ పోయింది. ఉద్దానం ప్రజలకు ప్రభుత్వం అత్యవసరమైన రోజుల్లోనే ఫోన్ మూగబోయింది. అందుకే వాట్సాప్ ఎంత పెరిగినా, ఊళ్లో సచివాలయం తలుపు తెరిచే ఉండాలి.

ఇంకో భయం ఉంది. ఫిర్యాదు పెడితే కేసు పెడతారేమోనని మన విశ్వాసులు కొందరు వెనకాడతారు. సోషల్ మీడియా రాతలకు జైలుశిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. కోవిడ్ వేళ 2021 ఏప్రిల్ 30న, ఆక్సిజన్ కోసం, మంచాల కోసం ఆన్‌లైన్‌లో మొరపెట్టుకున్న పౌరులను వేధించరాదని హెచ్చరించింది. అయితే ఇతరులను దూషించే రాతకు, అబద్ధపు ఫార్వర్డ్‌కు ఈ రక్షణ ఉండదు. మన కష్టాన్ని మర్యాదగా, నిజంగా చెప్పడం మన హక్కు.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు వింటుంటే, మామ యిత్రో అది సరికాదన్నాడు. పదిమందికి, యాభై మందికి, నూరు మందికి నమ్మకమైన మనుషులను పెట్టమన్నాడు. ఏర్పాటు మారింది గాని వినేది మనుషులే. నేటి యంత్రం వెనుక కూడా అలాంటి మనిషి ఉండాలి.

సంఘాలుగా మనం చేయగల పని కొంత ఉంది. చదువుకున్న యవనస్థులు ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుంటే చాలు. పింఛను ఆగిన ముసలమ్మకు, డయాలసిస్‌కు తిరిగే కిడ్నీ రోగి కుటుంబానికి దరఖాస్తు పెట్టి ఇవ్వగలరు. నంబరు సరైనదో కాదో ముందు చూడండి. ఓటీపీ ఎవరికీ చెప్పనివ్వవద్దు. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసి వారి చేతికే ఇవ్వండి. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఒక ప్రభుత్వ ఖాతాను ఎన్ని లక్షల మంది అనుసరిస్తున్నారన్నది మనకు ముఖ్యం కాదు. ఉద్దానంలో ఒక విధవరాలు పెట్టిన ఫిర్యాదు ఎన్ని రోజుల్లో తీరింది, తీరకపోతే ఎందుకు తీరలేదో ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నదే మనం అడుగుతూ ఉండాలి.