నెల తప్పకముందే వేయించుకోవలసిన టీకా

1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటివైద్యుడి దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా రాసాగారు. ముసలితనంలో కనిపించే జబ్బు ఇంతమంది పసికందులకు ఎందుకొచ్చింది? ఆయన తల్లులను ఆరా తీశాడు, తోటి వైద్యుల నుంచి వివరాలు సేకరించాడు. మొత్తం 78 మంది పిల్లల లెక్క తేలింది. వాళ్ల తల్లుల్లో అత్యధికులకు గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకింది. అంతకుముందు ఏడాది ఆస్ట్రేలియాలో ఆ జబ్బు బాగా ప్రబలింది.

రుబెల్లా వస్తే తల్లికి పెద్ద బాధేమీ ఉండదు. ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, ముఖం మీద మొదలై పలచగా దద్దుర్లు పాకుతాయి, చెవుల వెనక బిళ్లలు కడతాయి. మూడు రోజుల్లో అన్నీ తగ్గిపోతాయి. కొందరికి ఆ మాత్రం కూడా తెలియదు. అదే వైరస్ మాయను దాటి బిడ్డను చేరితే మాత్రం, అప్పుడే రూపు కడుతున్న కన్ను, లోపలి చెవి, గుండె దెబ్బతింటాయి. తొలి 12 వారాల్లో సోకితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బిడ్డలకు లోపాలు రావచ్చు. గర్భస్రావమూ జరగవచ్చు. 20 వారాలు దాటాక ఆ ముప్పు చాలావరకు పోతుంది. అమెరికాలో 1964-65 నాటి రుబెల్లా తాకిడికి దాదాపు 20 వేల మంది పిల్లలు ఇలాంటి లోపాలతో పుట్టారు. టీకా వచ్చింది 1969లో.

సోకిన తర్వాత బిడ్డను కాపాడే మందు లేదు. వేవిళ్లు మొదలయ్యేసరికే అసలైన వారాలు కొన్ని గడిచిపోతాయి. పైగా రుబెల్లా టీకా బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసింది కాబట్టి గర్భిణులకు వేయరు. వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. గర్భమని తెలియక వేయించుకున్నవారు కంగారుపడి గర్భం తీయించుకోవలసిన అవసరం మాత్రం లేదు.

మన తెలుగు రాష్ట్రాల్లో 2017లో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం పెద్దఎత్తున జరిగింది. తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల దాకా వేశారు. అప్పటికే ఆ వయసు దాటినవారికి, అంటే సుమారు 2002కు ముందు పుట్టిన ఆడపిల్లలకు, అది అందలేదు. రుబెల్లా నుంచి కూడా కాపాడే ఎంఎంఆర్ టీకాను ప్రైవేటుగా వేయించుకుని ఉంటే సరే. గుర్తులేకపోతే రక్తపరీక్షలో తెలుస్తుంది. పెళ్లి కుదిరిన ఇంట్లో, రెండో బిడ్డ కావాలనుకునే ఇంట్లో ఈ సంగతి ముందుగా తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆటలమ్మకూ టీకా గర్భానికి ముందే. గర్భిణి ఉన్న ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, ఆమెకు అంతకుముందు రాకపోయి ఉంటే, వేపాకు కట్టుకున్నా సరే, అదే రోజు డాక్టరుకు చెప్పండి. తొలి రోజుల్లో ఇస్తేనే పనిచేసే మందులున్నాయి. కడుపులోని బిడ్డకు హాని చేయగల సైటోమెగలో వైరస్‌కు టీకా ఇంకా వాడుకలోకి రాలేదు. అది చిన్నపిల్లల లాలాజలం, మూత్రం ద్వారా సోకుతుంది. పెద్దబిడ్డ తిని వదిలేసిన ముద్ద తల్లి తినేయడం మన ఇళ్లలో మామూలే. ఈ తొమ్మిది నెలలూ ఆ అలవాటు మానాలి. లంగోటీ మార్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్-ఇ తల్లి ప్రాణానికే ముప్పు. చివరి మూడు నెలల్లో అది సోకిన ప్రతి వందమందిలో ఇరవైమందికి పైగా చనిపోయిన సందర్భాలున్నాయి. వానాకాలంలో నీళ్లు మరిగించి చల్లార్చి తాగండి. కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం వెతుకుతూ పూట కూడా పోగొట్టుకోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

హెపటైటిస్-బి పరీక్ష గర్భం తొలినాళ్లలోనే చేయించుకోవాలి. పురిట్లో ఆ వైరస్ సోకిన బిడ్డల్లో నూటికి తొంభైమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. తల్లికి వైరస్ ఉందని తేలితే బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా ఇస్తారు. తల్లికి ఉన్నా లేకపోయినా, పుట్టిన 24 గంటల్లోపు ప్రతి బిడ్డకూ ఆ టీకా పడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. వేశారో లేదో కాన్పు రోజునే నర్సును అడిగి, కార్డులో రాయించుకోండి.