దెబ్బ తగిలినచోట చుక్క

'పడగ'కు ఒక్క సున్న చేర్చి చూడండి. 'పండగ' అవుతుంది. నాగుపాము పోయి పరమాన్నం వస్తుంది! మన ఒంట్లోని మాంసకృత్తులకు కూడా ఇలాంటి సున్నలుంటాయని తెలిసినప్పుడు, తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఎంతో ముచ్చట వేసింది.

కణానికి వేడి తగిలినా, విషం సోకినా, కిరణాలు తాకినా, కొత్త మాంసకృత్తులు తయారయ్యేదాకా అది ఊరుకోదు. ఉన్నవాటికే ఒకచోట చిన్న ఫాస్ఫేటు తగిలిస్తుంది. అంతటితో వాటి పని మారిపోతుంది. ఆ ఫాస్ఫేటును సాధారణంగా ఇచ్చేది ఏ.టి.పి. అనే పదార్థం. దాన్ని 1929లో వెల్లడించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు.

ఇంత చిన్న గుర్తును పట్టుకోవడమెలా?

మన డి.ఎన్.ఎ. రెండు పేటల దారం. హిస్టోన్లనే మాంసకృత్తులు దానికి కండెలు. గామా కిరణాలు తాకి రెండు పేటలూ తెగితే, హెచ్.2.ఎ.ఎక్స్. అనే హిస్టోనులో 139వ స్థానాన ఉన్న సెరీన్‌కు ఫాస్ఫేటు అంటుకుంటుందని 1998లో అమెరికాలోని బెథెస్డాలో విలియం బానర్ బృందం కనిపెట్టింది. ఆ గుర్తును మాత్రమే పట్టే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తరువాత కుందేళ్ళలో తయారుచేశారు.

పద్ధతి ఇదీ. ఫాస్ఫేటుతో సహా ఆ చిన్న తునకను కృత్రిమంగా కూరుస్తారు. అంత చిన్నదాన్ని కుందేలు శరీరం లెక్కచేయదు కనుక ఒక పెద్ద మాంసకృత్తుకు అంటగట్టి సూదిమందుగా ఇస్తారు. కొన్ని వారాలకు నెత్తురులో ప్రతిరక్షకాలు పుడతాయి.

అసలు తంటా అప్పుడే మొదలు. వాటిలో పడగనూ పండగనూ ఒకటిగా చదివే మొద్దులు బోలెడు! ఫాస్ఫేటు లేని తునకలు నింపిన గొట్టంలో ఆ రసిని పోస్తే మొద్దులన్నీ అక్కడే అతుక్కుంటాయి. జారివచ్చిన వాటిని ఫాస్ఫేటున్న తునకల మీదుగా మళ్ళీ పంపి, ఈసారి అతుక్కున్నవాటిని దాచుకుంటారు. తాలు చెరగడం వంటిదే గాని, ఇందులో తాలు కంటికి కనబడదు.

ఆపైన పరీక్ష. ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము వేసినా ప్రతిరక్షకం ఇంకా అంటుకుంటూనే ఉంటే అది పనికిరాదు. ఈ జాగ్రత్త చాదస్తం కాదు. చెడ్డ ప్రతిరక్షకాలవల్ల పరిశోధనలు దారి తప్పుతున్నాయని 2015లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో మొరపెట్టుకున్నారు.

మంచి ప్రతిరక్షకానికి వెలుగునిచ్చే రంగు జోడిస్తే, కిరణాలు తాకిన కొద్ది నిమిషాలకే సూక్ష్మదర్శినిలో కణం నిండా చుక్కలు కనిపిస్తాయి. చుక్క ఉన్నచోట దారం తెగిందన్నమాట. అతుకు పడితే చుక్క ఆరిపోతుంది.

2005లో జర్మనీ శాస్త్రజ్ఞులు సి.టి. స్కాన్ తీయించుకున్నవారి నెత్తురులో ఈ చుక్కలు లెక్కపెట్టారు. (ఇది చదివి డాక్టరుగారు వ్రాసిన స్కాను మానుకోకండి!) సాధారణంగా ఒక రోజులోగా చుక్కలు మామూలు స్థాయికి దిగివచ్చాయి. ఒక్క రోగికి మాత్రం అతుకు సరిగా పడలేదు. ఆ మనిషి అంతకుముందు కిరణ చికిత్సకు విపరీతంగా బాధపడిన మనిషే. అంత బాధ ఎందుకు కలిగిందో ఆ ఆరని చుక్కలు చెప్పాయి.