ఆయిల్ కోసం ఆరా తీసి దొరికిపోయారు

సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొస పుణె, ఇంకో కొస మచిలీపట్నం. సముద్రం లేని ఊళ్లే అయినా మిలటరీ ఇక్కడివాళ్లకు కొత్త కాదు. గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేటే. నేవీ కథ కావాలంటే మాత్రం విశాఖ దాకా పోవాల్సిందే.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మన నౌకాదళ నిఘా విభాగానికి డైరెక్టర్ మిహిర్ రాయ్. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందని పట్టిచ్చింది ఏ గూఢచారో కాదు, లూబ్రికేటింగ్ ఆయిల్! ఫలానా రకం ఆయిల్ దొరుకుతుందా అని అప్పటి తూర్పు పాకిస్తాన్ రేవు చిట్టగాంగ్‌కు వెళ్లిన వైర్‌లెస్ సందేశం మనవాళ్ల చెవిన పడింది. ఆ రకం వాడేది జలాంతర్గాములూ, సముద్రంలో మైన్లు ఏరే ఓడలే. మిల్లుల ముందు లారీల వరుస చూసి వడ్ల ధర ఎటు పోతుందో చెప్పే మిర్యాలగూడవాళ్లకు ఇదేం వింత కాదనుకోండి.

విశాఖలో ఇదే ఎత్తును తిరగేసి వేశారు. ఘాజీ వెతుకుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు జారుకుంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మాత్రం ఓడలన్నీ విశాఖలోనే ఉన్నట్టు కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయల ఆర్డర్లు భారీగా పెట్టించారు. బజారులో శత్రువు చెవులుంటాయని ఆయన నమ్మకం. రాజ్‌పుత్ అనే పాత ఓడ విక్రాంత్‌లా నటిస్తూ సందేశాలు పంపింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. ఎలా మునిగిందంటే, ఇప్పటికీ రెండు దేశాలదీ చెరో మాట.

ఘాజీ కథకు ముందే, బంగ్లాదేశ్ విముక్తికి పోరాడే కుర్రాళ్లకు పలాసీ దగ్గర భాగీరథిలో ఈత, ఓడలకు మైన్లు అంటించడం నేర్పించారు. దాడి కబురు అందించింది ఆకాశవాణి కలకత్తా కేంద్రం: ఒక పాట వస్తే సిద్ధంకండి, రెండోది వస్తే కానివ్వండి. ఆగస్టు 15 అర్ధరాత్రి చిట్టగాంగ్, మోంగ్లా రేవుల్లో ఓడలు పేలాయి. ఈ పని వెనకా రాయ్ ఉన్నారు.

తర్వాత ఆయన విశాఖలో తూర్పు నౌకాదళాధిపతి అయ్యారు. అణు జలాంతర్గామి ప్రాజెక్టుకూ సారథ్యం వహించారు.

రిటైరయ్యాక జ్ఞాపకాలు రాసుకుని ఊరుకునే అధికారులే ఎక్కువ. రాయ్ అలా కాదు, హిందూ మహాసముద్ర అధ్యయనాల సంఘాన్ని నడుపుతూ పరిశోధనలోకి దిగారు. ఆయిల్ సంగతి బయటపెట్టింది 1995 నాటి ఆయన పుస్తకం ‘వార్ ఇన్ ది ఇండియన్ ఓషన్’లోనే.