రాకాసిగుళ్ళు – పేరు, ఆకారము, పరిశీలన

ఓరుగల్లు సీమలో ఘనపురమను పేరుగల యూళ్ళలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. కాజీపేట–సికిందరాబాదు రైలుమార్గముపై నున్న స్టేషన్ ఘనపూర్ మొదటిది. ఇది 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో నున్నది. ములుగునకు చేరువగా, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నున్న ఘనపురము రెండవది. ఈ రెండవ ఘనపురమునందలి కాకతీయులనాటి శిథిలాలయ సముదాయమును జనులు ‘కోటగుళ్ళు’ అందురు. ఆ జిల్లాలోనే రేగొండ మండలమున, ప్రాచీన వర్ణచిత్రములుగల శిలాశ్రయములున్న కొండకు ‘పాండవుల గుట్ట’ యని పేరు. ఇంకను తూర్పుగా ములుగు జిల్లాలోని తాడ్వాయి అడవులలోనికి పోయినచో దామరవాయి యొద్ద గుంపులు గుంపులుగా కానవచ్చు రాతికట్టడములు ‘రాకాసిగుళ్ళు’.

ఈ మూడింటిలో మొదటిదానికి కాలనిర్ణయము సులభము. శిల్పరీతి కలదు, కాకతీయ చరిత్ర కలదు. తక్కిన రెండింటికి శాసనము లేదు, వానిని వర్ణించిన కావ్యము లేదు. ప్రజల నోట నిలిచిన పేరొక్కటే వానికిగల వాఙ్మయము. కనుకనే ఇవి పురాతత్త్వజ్ఞుల సొత్తు మాత్రమే కాక భాషాపరిశోధకుల సొత్తు కూడ అగుచున్నవి. రాతిని చూడనేర్చినవాడును పేరును విననేర్చినవాడును కలిసి తిరిగినప్పుడు ఈ కట్టడముల యర్థము కొంత తెలియును. ఆ కలయిక యెట్లుండవలెనో దామరవాయి పరిసరములను ఆధారముగా గొని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదట పరిభాషను గూర్చి కొంత చెప్పవలసియున్నది. పెద్దరాళ్ళతో నిర్మింపబడిన సమాధులను, స్మారకములను పాశ్చాత్యులు ‘మెగాలిత్’ లనిరి. గ్రీకు భాషలో ‘మెగాస్’ అనగా పెద్దది, ‘లిథోస్’ అనగా రాయి. మనవారు దీనిని ‘బృహచ్ఛిల’ యని యనువదించిరి. నిలువురాతికి ‘మెన్హిర్’ అనియు, పలకలపై కప్పురాయి మోపిన కట్టడమునకు ‘డోల్మెన్’ అనియు పేళ్ళు. ఇవి ఫ్రాన్సు దేశపు పశ్చిమ తీరమునందలి బ్రెటన్ భాషాపదములు. అందు ‘మెన్’ అనగా రాయి. బృహచ్ఛిలాయుగమను మాటలో ‘శిల’ యుండుటచేత విద్యార్థులు దీనిని రాతియుగములలో నొకటిగా భావించుట కలదు. ఇది సరికాదు. దక్షిణ భారతమున ఈ సమాధులను నిర్మించినవారు ఇనుము నెఱిగినవారు. సమాధులలో కత్తులు, బల్లెపు మొనలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు విరివిగా లభించినవి. వానితోడనే లోపలివైపును అంచును నల్లగాను, వెలుపలి క్రిందిభాగము ఎఱ్ఱగాను కాలిన మట్టిపాత్రలు దొరకును. ఈ యినుమును, ఈ రెండువన్నెల పాత్రలును ఆ సంస్కృతికి ముఖ్యలక్షణములు.

కాలనిర్ణయము క్రమక్రమముగా వెనుకకు జరిగినది. 1947లో మోర్టిమర్ వీలర్ కర్ణాటకమునందలి బ్రహ్మగిరిని త్రవ్వించి, క్రింద రాతిగొడ్డళ్ళ సంస్కృతి, దానిపై బృహచ్ఛిలా సంస్కృతి, దానిపై ఆంధ్ర శాతవాహన సంస్కృతి యని పొరల వరుసను స్థాపించెను. బృహచ్ఛిలలను అతడు క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దులకును క్రీస్తుశకపు మొదటి శతాబ్దికిని పరిమితము చేసెను. తరువాత హళ్ళూరున జరిగిన త్రవ్వకములలో బొగ్గు పరీక్షవలన ఇనుము వాడుక క్రీ.పూ. 1000 ప్రాంతమునకు పోయినది. ఇప్పుడు ఈ సంస్కృతిని స్థూలముగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి, అంచులలో దానికి ముందువెనుకలకును చెందినదిగా భావించుచున్నారు.

ఇక ఆకారమును గూర్చి. ఒకే సంస్కృతికి చెందిన సమాధులు స్టేషన్ ఘనపూర్ వైపున ఒక తీరుగను, గోదావరి వైపున వేఱొక తీరుగను ఉండుటకు కారణమేమి? ఎఱిగిన మార్గదర్శకుడు దీనికి సమాధానమును సమాధిలో వెదకడు, నేలలో చూపును. జనగామ, భువనగిరి ప్రాంతములు గ్రానైటు బండల సీమ. గుండ్రని బండలు అడుగడుగునకు దొరకును. కావున అచ్చటివారు భూమిలో గొయ్యి త్రవ్వి, రాతిపలకలతో పెట్టెవంటి గది కట్టి, పైన మట్టియు రాళ్ళును కుప్పవోసి, చుట్టును గుండ్లను వలయముగా పేర్చిరి. పైకి కనబడునది రాతివలయము మాత్రమే. గది నేలలోపల నుండును. స్టేషన్ ఘనపూర్ ఉన్న రైలుమార్గముననే భువనగిరికి చేరువనున్న రాయగిరియందు ఇట్టి సమాధులను హంటు దొర త్రవ్వించి 1924లో లండను పత్రికయందు వివరించెను. నేటి తెలంగాణమున శాస్త్రీయ దృష్టితో జరిగిన తొలి సమాధి పరిశీలనలలో అది యొకటి.

తూర్పున గోదావరి లోయ ఇసుకరాతి సీమ. ఇసుకరాయి పొరలు పొరలుగా చీలును, వెడల్పయిన పలకలుగా లేచును, ఉలికి లొంగును. కావున ఇచ్చటివారు నాలుగు పలకలు నిలిపి, వానిపై మిక్కిలి పెద్దదగు కప్పురాతిని మోపి, గదిని నేలపైననే నిలువబెట్టిరి. లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి నమర్చుట ఈ గోదావరీ ప్రాంతపు సమాధులలోని విశేషము. దామరవాయి, మల్లూరు, కాటాపురము, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని జానంపేట మున్నగు తావులు ఇందులకు ప్రసిద్ధములు. పడమట దాగియున్న గది తూర్పున వెలికివచ్చినదని చెప్పవచ్చును. రాయి మాఱినది, ఆలోచన మాఱలేదు. రెండింటను చనిపోయినవారికి ఇల్లు కట్టవలెనను భావమే ప్రధానము.

ఇటీవల మా పరిశోధక విద్యార్థులతో దామరవాయికి పోయినప్పుడు మాకు దారి చూపినవారు పురాతత్త్వ పరిశీలనలో చిరకాలము గడపిన యొక పెద్దలు. వారు మొదటి కట్టడము నొద్ద ఆగి, ఎవ్వరును దానిని ముట్టక ముందే చుట్టును నడచి రమ్మనిరి. తరువాత వరుసగా నాలుగు ప్రశ్నలు వేసిరి. ఈ రాయి ఇచ్చటిదా, మోసికొని తెచ్చినదా? పలకలలో ఏది దేనిని ఒత్తి నిలుపుచున్నది? తెఱపి యే దిక్కున నున్నది? దీనికి సమీపమున పాత నివాసస్థలపు ఆనవాళ్ళు, అనగా పెంకులు, ఇనుపచిట్టెము, నూరుడురాళ్ళు, కలవా? ఈ ప్రశ్నలలో ఒక్కటియు నిధిని గూర్చినది కాదు. సమాధిలోనేమున్నదని యడుగుట త్రవ్వకమువారి పని. సమాధి యెట్లు నిలిచినదని యడుగుట చూడవచ్చిన ప్రతివాని పని యని వారు చెప్పిరి.

రెండవ ప్రశ్న మాకు మిక్కిలి యుపకరించినది. కప్పురాయి బరువు నాలుగు పలకలపైనను సమముగా పడునట్లు అమర్చుట సామాన్యమయిన పని కాదు. ఒక కుటుంబమువలన నగునది అంతకంటె కాదు. రాతిని పొరనుండి లేపుటకు, ఈడ్చుటకు, వాలుగా మట్టిపోసి పైకెక్కించుటకు పెక్కండ్ర సమష్టి కృషి యావశ్యకము. అంతమందికి ఆ దినములలో అన్నము పెట్టవలెను. అనగా ఈ కట్టడములు చావును గూర్చి చెప్పుదానికంటె బ్రతికియున్నవారి కట్టుబాటును గూర్చి యెక్కువగా చెప్పుచున్నవి. అట్టివి ఒకేచోట గుంపులుగా నుండుటనుబట్టి, తరతరములుగా ఒకే శ్మశానమునకు మరలివచ్చిన సమూహములు ఇచ్చట నుండెనని యూహింపవచ్చును.

ఈ ప్రాంతమునకే ప్రత్యేకమయిన మరియొక వస్తువు కలదు. కొన్ని సమాధుల చేరువ నిలువెత్తు రాళ్ళు శిలువ ఆకారమున చెక్కబడి నిలిచియుండును. 1868లో ముల్హెరాన్ దొర వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు గోదావరి కుడిగట్టునందలి ఈ శిలువలను గూర్చి వ్రాసెను. 1872లో ప్రకటితమయిన తన గ్రంథమున ఫెర్గూసన్ వీనిని క్రైస్తవ చిహ్నములుగా గ్రహించి, ఆ సమాధులకే ఆధునికతను అంటగట్టెను. అతడు ఎఱిగిన ఆకారమును ఇచ్చట చూచెను. తరువాతి పరిశీలకులు దొంగతోగు మొదలగు తావులలోని రాళ్ళను పోల్చిచూడగా, అడ్డముగా నున్నవి భుజములనియు, పైనున్నది తలయనియు, కొన్నింటియందు స్త్రీరూప లక్షణములు స్పష్టముగా చెక్కబడియున్నవనియు తేలినది. శిలువ యనుకొన్నది మనిషి యయ్యెను. ఒక్క రాతినే చూచినవాడు తనకు తెలిసిన గుఱుతును చూచును. పది రాళ్ళను వరుసగా చూచినవాడు అందలి పరిణామమును చూచును. పాఠభేదములను పోల్చి మూలపాఠమును నిర్ణయించు మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు.

ఇక పేరును గూర్చి విచారింతము. 20వ శతాబ్ది రెండవ దశకమున పాల్వంచ తాలూకాలోని ఈ సమాధులను వర్ణించిన వేక్‌ఫీల్డు వీనిని స్థానికనామముతోనే పేర్కొనెను. కాని ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘముల భేదము నిలువదు. అందుచేత అది ‘గుళ్ళు’ అయినదో, ‘గూళ్ళు’ అయినదో చదువరికి తెలియదు. నేడు తెలుగున వ్రాయువారిలో ‘రాకాసిగుళ్ళు’ అనువారును కలరు, ‘రాకాసిగూళ్ళు’ అనువారును కలరు. ఈ భేదము స్వల్పమయినదిగా తోచును. అర్థమున మాత్రము దూరము పెద్దది. ‘గుడి’ బహువచనమయినచో అది రాక్షసుల దేవాలయము. ‘గూడు’ బహువచనమయినచో అది రాక్షసుల నివాసము. మొదటిది పూజను, రెండవది కాపురమును సూచించును.

మూడవ యర్థమొకటి కూడ కలదు. తెలుగున ‘గుడి’ యనగా వలయము. సూర్యచంద్రుల చుట్టు నేర్పడు పరివేషమును ‘గుడి’ యందుము. ‘వరదగుడి’ యను మాట నేటికిని పల్లెలలో వినబడుచున్నది. ఇకారపు గుఱుతునకు ‘గుడి’ యను పేరు వచ్చినదియు దాని గుండ్రదనమువలననే. రాతివలయముచే చుట్టబడిన సమాధికి ‘గుడి’ యను పేరు వలయార్థముననే మొదట ఏర్పడి, తరువాతివారు దానిని దేవాలయముగా గ్రహించియుండవచ్చునని నా యూహ. ఈ యూహ నిలుచునా లేదా యనునది ఊరూర విని తేల్చవలసిన విషయము. అందులకు మార్గదర్శకులు సూచించిన యుపాయము మిక్కిలి సులభము: పసులకాపరిని పేరడిగినప్పుడు బహువచనముతో ఆగక, ‘ఒక్కటే యున్నచో దానినేమందువు?’ అని యడుగవలెను. ‘గుడి’ యన్నను ‘గూడు’ అన్నను ఏకవచనమున సందేహమునకు తావులేదు. ఇట్టి ప్రశ్నను ప్రతి గ్రామమునందు వేసి, సమాధానమును సమాధి ఆకారముతో జోడించి పట్టికగా వ్రాసినచో వలయములున్నచోట ఏ పేరు, వట్టి గదులున్నచోట ఏ పేరు అనునది తేలును.

‘రాకాసి’ యను విశేషణము మన యొక్కరి కల్పనమే కాదు. హాలెండు దేశపు పెద్దరాతి సమాధులకు ‘హ్యూనెబెడ్’ అని పేరు. అనగా రాక్షసకాయుల పడకలు. సార్డీనియా ద్వీపమున ‘మహాకాయుల సమాధులు’ కలవు. కర్ణాటకమునందలి హిరేబెణకల్లున జనులు వీనిని మోరియులను పురాతన జనుల యిండ్లందురు. ఇంత రాతిని మనిషి యెత్తజాలడను ఆశ్చర్యమే ఈ పేళ్ళన్నిటికి మూలము. మన వైదిక వాఙ్మయమున శతపథబ్రాహ్మణము దైవజనులు చతురస్రముగాను, అసురులును ప్రాచ్యులు మున్నగువారును గుండ్రముగాను శ్మశానములను నిర్మింతురని చెప్పుట ఇచ్చట స్మరింపదగినది. గుండ్రని సమాధిని పరాయివారికి, అసురులకు ముడిపెట్టు దృష్టి ఎంత ప్రాచీనమో దీనివలన తెలియును.

పేరు కట్టడమును కాపాడిన సందర్భములును కలవు. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరమున నున్న ముడుమాలలోని నిలువురాళ్ళలో ఒకదానిని జనులు ఎల్లమ్మగా కొలుచుచున్నారు. ఆ స్థలము 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినది. భక్తి నిలిచినచోట రాయి నిలిచినది. ‘రాకాసి’ యను భయము కూడ ఒకప్పుడు అట్టి రక్షణమునే యిచ్చియుండును. నేడు ఆ భయము సన్నగిల్లినది. దానిస్థానమున నిలువవలసిన జ్ఞానము ఇంకను చాలినంతగా నెలకొనలేదు. గ్రానైటు సీమలో రాతివలయములు చదును చేయబడి పొలములగుచున్నవి. గుండ్లు పగిలి కంకరయగుచున్నవి. అడవిలో నిధికై ఆశపడినవారు కప్పురాళ్ళను దొర్లించుచున్నారు. పలక యొకటి కదలినచో బరువు తప్పి గది కూలును. కూలిన గదికి ఏ దిక్కున తెఱపి యుండెనో, తొట్టి యెట్లమరియుండెనో మరల చెప్పజాలము.

కనుక తెలుగు శాఖల విద్యార్థులు చేయదగిన పని యిది. ప్రతి వేసవిని ఒక మండలమును గ్రహించి, పురాతత్త్వమెఱిగిన వారి వెంట తిరిగి, ఒక్కొక్క కట్టడమునకు రాతిజాతి, కొలతలు, దిక్కు, స్థానికనామము, దాని యేకవచనము, దానిని గూర్చిన కథ అను ఆరింటిని వ్రాసికొనవలెను. కోయ భాష మాటాడు గ్రామములలో కోయ పేరును కోయ ఉచ్చారణముతోనే గ్రహింపవలెను, తెలుగు చేయరాదు. కథ చెప్పిన వృద్ధులు గతించుటయు రాయి కూలుటయు ఒకే తరములో జరుగుచున్నవి. రాతి కొలతలను ఇతరులును వ్రాయగలరు. ‘గుడి’ యనినదియు ‘గూడు’ అనినదియు చెవితో పట్టగలవారు మనమే.